మూల చింపిన టిక్కెట్టు

"ఏవయ్యా, నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా టిక్కెట్టు కొన్నావా?"

రేవు గేటు నుంచి కొండ మీది కాలనీలకు వెళ్లే బస్సులో, కాలు మోపడానికి కూడా చోటు లేని వేళ, గోదాముల్లో గోనెసంచులు కుట్టే ఒకావిడ చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని అడిగిన ప్రశ్న ఇది. ఆమె చంకలో పిల్లాడున్నాడు. పిల్లాడు నమిలిన టిక్కెట్టు మూల ఆమె అరచేతిలో ఉంది. మిగతా టిక్కెట్టు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది. ఆమె గొంతు బస్సు ఇంజన్ని మించి వినబడింది. వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టరు నవ్వు ఆపుకోలేక చిల్లర వెతికే నెపంతో సంచీలోకి తల దూర్చాడు.

ఇన్‌స్పెక్టర్ జరిమానా రసీదుల పుస్తకం తీశాడు. జవాబు తెలియక కాదు. అసలు అదొక ప్రశ్నే కాదని అతని ఉద్దేశం. నువ్వెప్పుడైనా నీళ్లు కొన్నావా అని చేపని అడిగితే అది మాత్రం ఏం చెబుతుంది?

అతన్ని సంస్థలో అందరూ కత్తెర అనేవాళ్లు. మొహం మీద సార్, వీపు వెనక కత్తెర. చూసిన ప్రతి టిక్కెట్టుకూ కుడి పైమూల గోటితో చింపేసేవాడు. ఒకసారి చూసిన టిక్కెట్టును ఇంకోడు ఏరుకుని మళ్లీ వాడకుండా ఏదో ఒక గుర్తు పెట్టాలన్నది నిజమే. అందుకు సంస్థవాళ్లు చిల్లు పొడిచే యంత్రం ఒకటి ఇచ్చారు కూడా. దాన్ని అతను ఇంట్లో అలమారులో దాచిపెట్టి, కుడి బొటనవేలి గోరు పెంచాడు. చిల్లు పడినా టిక్కెట్టు టిక్కెట్టులాగే కనబడుతుందట. మూల పోయిన టిక్కెట్టుకైతే పరువు పోయినట్టు ఉంటుందట. భార్యతో ఒకసారి అలా అన్నాడు. ఆ గోటికి తగిలి దుప్పట్లన్నీ దారాలు లేస్తున్నాయని ఆవిడ సణిగేది. చింపిన మూలల్ని మాత్రం నేలమీద పడేసేవాడు కాదు. కోటు ఎడమ జేబులో వేసుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ జేబు దులిపితే పెళ్లిపందిట్లో అక్షింతలు రాలినట్టు రంగురంగుల కాగితపు ముక్కలు రాలేవి. వాటిని ఊడ్చే పని భార్యది.

కత్తెర ఎక్కడ కాపు వేశాడో చూసిన డ్రైవరు, ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరుకు రెండు వేళ్లు తెరిచి మూసి చూపించేవాడు. ముందు స్టాపులో కత్తెర ఉన్నాడు, కండక్టర్ని సర్దుకోమను అని దానర్థం. స్టాపులో నిలబడి ఉండే కత్తెర ఆ సైగను ఎన్నోసార్లు చూశాడు. అది తనకు పెడుతున్న నమస్కారమని అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. తనూ రెండు వేళ్లు తెరిచి మూసి హుందాగా బదులు ఇచ్చేవాడు. డిపోలో ఆ ముచ్చట చెప్పుకుని కడుపు పట్టుకునేవాళ్లు. ఆ నవ్వేవాళ్లలో అతని సొంత బావమరిదీ ఉన్నాడు, రేవు రూటు డ్రైవరు.

"మీ ఆయనకి చెప్పొద్దక్కా," అని అక్కను బతిమాలుకున్నాడు. "చెబితే మానేస్తాడు. ఆయన మానేస్తే మాకింక పొద్దెలా పోతుంది?"

అక్క చెప్పలేదు. ఆవిడకూ ఏదో ఒక కాలక్షేపం ఉండాలిగా.

కత్తెర లంచం తినడని గొప్పగా చెప్పుకునేవాళ్లు. నిజమే, తినలేదు. లంచం తినని ఉద్యోగి అనగానే మన చేతులు వాటంతటవే జోడవుతాయి. ఆ పుణ్యాత్ముడు తన చేతిలోని అధికారంతో ఇంతకీ ఏం వెలగబెట్టాడని అడగడం మర్యాద కాదనుకుంటాం. లంచగొండికి కనీసం ఒక ధర ఉంటుంది. అది పారేసి బయటపడొచ్చు. కత్తెరకు డబ్బు మీద ఆశ లేదు. అతనికి కావలసింది ఎదుటివాడి మొహం. జేబులు తడుముకుంటూ, చొక్కా జేబు నుంచి లాగు జేబుకు, లాగు జేబు నుంచి మళ్లీ చొక్కా జేబుకు వెళ్లొచ్చే చేతివెనక పాలిపోయే మొహం. ఆ రుచి మరిగినవాడికి నోట్లు ఏం ఆనతాయి?

ఆ నగరానికి బస్సులు రక్తనాళాలని సంస్థ వార్షిక సభల్లో ఉపన్యాసాలు దంచేవారు. దంచేవాళ్లు కార్లలో వచ్చి కార్లలో వెళ్లేవాళ్లు. రేవులో షిఫ్టు సైరన్ మోగితే ఆ రక్తనాళాల్లో ఏం పారుతుందో చూడాలంటే గేటు దగ్గర నిలబడాలి. క్రేన్లు నడిపేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు, ఓడల్లో సరుకు గదులు కడిగేవాళ్లు, కస్టమ్స్ గుమాస్తాలు, సంచులు కుట్టే ఆడవాళ్లు, అందరూ ఒక్కుమ్మడిగా వచ్చి పడతారు. వచ్చే బస్సు ఒకటి. అదీ అప్పటికే సగం నిండి ఉంటుంది. ఆ రద్దీలో కండక్టరు వెనక నుంచి ముందుకు రావడమే గగనం. అతను వచ్చేలోగా దిగాల్సిన స్టాపు వచ్చేస్తే దిగినవాడు దొంగ. సరిగ్గా ఆ స్టాపులోనే కత్తెర కాపు వేసేవాడు. కండక్టర్లు ఇంకో ఇద్దరు కావాలని గానీ, సైరన్ వేళకు బస్సులు పెంచాలని గానీ అతను ఏనాడూ పైకి రాయలేదు. రద్దీ తగ్గితే దొంగలు తగ్గుతారు. దొంగలు తగ్గితే కత్తెర ఎందుకు?

ఇక సంచులు కుట్టే ఆవిడ ప్రశ్నకు జవాబు: లేదు, కొనలేదు. అతని తండ్రి అదే సంస్థలో డ్రైవరు. పిల్లాడిగా ఉన్నప్పుడు తండ్రి పక్కన, ఇంజన్ మూత మీద, గోనెపట్టా పరుచుకుని కూర్చుని వేడివేడిగా ఊరంతా తిరిగాడు. కుర్రాడయ్యాక తండ్రి పాసు. ఉద్యోగం వచ్చాక తన పాసు. ఆ పాసు కూడా జేబులోంచి తీసే పని ఉండేది కాదు. బస్సెక్కి గడ్డం కాస్త పైకెత్తి "స్టాఫ్" అంటే చాలు. కండక్టరు తల ఊపి ముందుకు పోతాడు. ఆ ఒక్క మాటకు బస్సులో ముందు సీటు ఖాళీ అయ్యేది, కిటికీ పక్కన గాలి వచ్చేది. సగటు మనిషి ఉదయం లేచి చిల్లర ఉందా లేదా అని చూసుకుంటాడని అతనికి వినికిడి మాత్రమే.

పెళ్లయిన కొత్తలో భార్యను బస్సెక్కించి, గడ్డంతో ఆమె వైపు చూపిస్తూ "స్టాఫ్, ఫ్యామిలీ" అన్నాడు. ఆవిడ ఇంటికి వచ్చాక అంది:

"నన్ను చూపించి అలా అన్నారేంటండీ, ట్రంకుపెట్టె చూపించి లగేజీ అన్నట్టు?"

"ఉచితం కదే పిచ్చిదానా."

"మీకు ఉచితం. నాకు తలవంపులు."

అప్పట్నుంచి ఒంటరిగా వెళ్లినప్పుడల్లా ఆవిడ టిక్కెట్టు కొనుక్కుని, గుప్పిట్లో పెట్టుకుని, కిటికీ పక్కన దర్జాగా కూర్చునేది. ఆ సంగతి కత్తెరకు తెలుసు. ఊరికే వచ్చేదాన్ని వదులుకునే మనిషికి బుర్రలో ఏదో మర వదులైందని అతని నమ్మకం. అంతకుమించి ఆలోచించలేదు. ఆలోచించడం అతని విధుల్లో లేదు.

ఇప్పుడు మళ్లీ ఆ బస్సులోకి వద్దాం. ఆమె టిక్కెట్టు కొంది. కండక్టరే సాక్ష్యం. కొన్న టిక్కెట్టును పిల్లాడు లాక్కుని మూల కొరికేశాడు. అంతే జరిగింది. కత్తెర టిక్కెట్టు తిప్పి చూశాడు.

"మూల ఏది?"

"పిల్లాడు నమిలేశాడయ్యా."

"మూల లేదంటే ఇది చూసేసిన టిక్కెట్టు. పాతది. ఎక్కడో ఏరుకున్నావు."

"ఏరుకోవడం ఏంటి? ఇందాకేగా నీ ఎదురుగా నిలబడ్డ ఈ కండక్టరు బాబు ఇచ్చాడు! అడుగు!"

"నేను కండక్టర్ని అడగను. టిక్కెట్టుని అడుగుతాను."

ఆమె పిల్లాడి నోట్లో వేలు పెట్టి, చొంగలో నానిన ఆ కాస్త ముక్కనీ తీసి, అరచేతిలో పెట్టి చూపించింది. ఇదిగో మూల, చూసుకో అంది. అతను వంగి చూశాడు. చూసి, "అతికించు చూద్దాం," అన్నాడు.

అప్పుడు ఆమె అడిగిన ప్రశ్నే పైన చెప్పింది. జవాబుగా అతను జరిమానా రసీదు రాశాడు. అది ఆమె ఆనాటి కూలి. పిల్లాడు రసీదు కోసం కూడా చెయ్యి చాపాడు. సాక్ష్యం చెప్పబోయిన కండక్టరుకు విధుల్లో నవ్వినందుకు మెమో వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో కత్తెర ఈ కథంతా భార్యకు తమాషాగా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. "ముక్క తడిగానే ఉందిగా?" అని మాత్రం అడిగింది.

ఆ జరిమానాయే అతనికి మంచి పేరు తెచ్చిపెట్టింది. పైఆఫీసు వాళ్లకు ఆ కచ్చితత్వం తెగ నచ్చింది. కొత్తగా చేరే ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ ఇమ్మన్నారు. అక్కడ నల్లబల్ల మీద మొదటిరోజే రాసేవాడు: మూల లేని టిక్కెట్టు టిక్కెట్టు కాదు, చిత్తుకాగితం. సంస్థ నిబంధనల్లో ఎక్కడా ఆ మాట లేదు. అడిగితే టిక్కెట్టు చూపించాలని ఉందంతే. అయినా పాఠం చెప్పేవాడు చెబితే రాసుకునేవాడు రాసుకుంటాడు; రాసుకున్నవాడు పై మెట్టెక్కి దాన్నే అచ్చు వేయిస్తాడు. చట్టాలు చాలావరకు పుట్టే పద్ధతి ఇదే. మనం వాటిని తెలివైనవాళ్లు కూర్చుని ఆలోచించి రాశారని భ్రమపడుతుంటాం.

రిటైరైన రోజు సభ పెట్టారు. సంస్థకు మూలస్తంభం అన్నారు. నిప్పు అన్నారు. అతని క్రమశిక్షణ రేపటి తరాలకు వెలుగు అన్నారు. చివరగా మాట్లాడిన ఆఫీసరు అతని పేరు మర్చిపోయి, పక్కవాణ్ని అడగబోయి, పక్కవాడు అలవాటులో కత్తెర అని అందిస్తే మైకులో అదే అనేశాడు. సభ గొల్లుమంది. కత్తెర అది ఎవరి గురించో అనుకుని తనూ నవ్వాడు. జీవితకాలపు పాసు ఇచ్చి, నల్లకోటు తిరిగి తీసుకున్నారు. పాసు సంగతి సరే. కోటు ఇచ్చేసి ఇంటికి వచ్చినవాడు చలి కాలం కాకపోయినా భుజాలు ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత అతను చేసిందల్లా తిరగడమే. పొద్దున్నే బస్సెక్కి, "స్టాఫ్" అని, ముందు సీట్లో కూర్చుని, రేవు నుంచి కొండకు, కొండ నుంచి రేవుకు. పక్కన కూర్చున్నవాణ్ని, "టిక్కెట్టు తీసుకున్నావా బాబూ?" అని అడిగేవాడు. కొందరు పెద్దాయన కదా అని చూపించేవాళ్లు. చూసి మూల చింపబోతే చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్లు. "నీకెందుకు తాతా?" అన్నవాళ్లూ ఉన్నారు. కోటు లేని చూపుకు బలం ఉండదని అతనికి అప్పుడు తెలిసింది. ఏడాది తిరగకుండానే ఆ కోటు తప్ప అతనికి వేరే ధ్యాస లేకుండా పోయింది.

సరిగ్గా ఆ సమయంలో బావమరిది కబురు తెచ్చాడు. బస్సులూ, రేవు కాలువ దాటించే లాంచీలూ, లోకల్ రైళ్లూ అన్నీ కలిపి ఒకే సంస్థ చేశారు. లాంచీలో చెకింగ్ చేసేవాళ్లు చాలడం లేదు. రిటైరైన ఇన్‌స్పెక్టర్లను కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారు.

"కోటు ఇస్తారా?" అన్నాడు కత్తెర. జీతమెంతని అడగలేదు.

"ఇస్తారు బావగారూ. నీలంది. వెనకాల సంస్థ పేరు కూడా ఉంటుంది, దూరం నుంచే కనబడేలా."

"దూరం నుంచి కనబడితే పారిపోరూ?"

"పారిపోవడానికి లాంచీలో చోటెక్కడుంది? చుట్టూ నీళ్లేగా!"

కత్తెర కళ్లు మెరిశాయి. చుట్టూ నీళ్లు, మధ్యలో టిక్కెట్టు లేనివాడు. రిటైరైన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

కొత్త సంస్థ ఆఫీసు కాలువకు అవతలి ఒడ్డున, పాత కస్టమ్స్ గిడ్డంగిలో పెట్టారు. అక్కడికి బస్సులో కూడా పోవచ్చు. అయితే కాలువ మొదటి వంతెన దాకా వెళ్లి చుట్టూ తిరిగి రావాలి, పూట పడుతుంది. లాంచీ అయితే ఇక్కడెక్కి అక్కడ దిగడమే. పిలుపు వచ్చిన రోజు కత్తెర ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న కోటు తొడుక్కుని బయల్దేరబోతుంటే భార్య చేతిలో చిల్లర పెట్టింది.

"ఇదెందుకు?"

"లాంచీకండీ. మీ పాసు బస్సులకే. కౌంటర్లో డబ్బులిచ్చి, అవతలి ఒడ్డుకి ఒకటి అనండి. కాగితం ఇస్తారు. గేటులో పెడితే తెరుచుకుంటుంది."

"నాకు నేర్పుతున్నావా?"

"ఎవరో ఒకరు నేర్పాలిగా," అంది ఆవిడ. "మీకు అలవాటు లేని పని."

రేవు ఒడ్డున లాంచీ కౌంటరు ముందు వరుస ఉంది. కత్తెర అలవాటుగా వరుస పక్కనుంచి ముందుకు వెళ్లి గడ్డం ఎత్తాడు. "స్టాఫ్."

కౌంటర్లో కూర్చున్నవాడు తలెత్తలేదు. "లైనులో రండి."

వరుస చివరికి వచ్చి నిలబడ్డాడు. ముందున్నవాడి మెడ మీద చెమట, వెనకున్నవాడి గంప మోకాలికి గుచ్చుకోవడం, చిల్లర చేతిలో తడిసి జారడం, ఇవన్నీ అతనికి కొత్త. వాటి గురించి అతను చేసిన తాత్త్విక చింతన ఏమీ లేదు, చిరాకు పడ్డాడంతే. వంతు వచ్చింది. డబ్బులిచ్చాడు. అవతలి ఒడ్డుకి ఒకటి అన్నాడు. కాగితం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటి టిక్కెట్టు.

దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తేదీ చూశాడు. ఎక్కడి నుంచి ఎక్కడికో చూశాడు. అంతా సరిగ్గా ఉంది. అంతా సరిగ్గా ఉందని చూడగానే ఆ వేళ్లు ఏం చేయాలో అదే చేశాయి. కుడి పైమూల చింపి, ముక్కను ఎడమ జేబులో వేసుకున్నాడు. వేసుకుని గేటు వైపు నడిచాడు.

ఈ కొత్త టిక్కెట్లలో గేటు చదివే క్యూఆర్ కోడ్ సరిగ్గా కుడి పైమూలనే అచ్చేశారు. అందులో సగం అతని జేబులో ఉంది. గేటు ఎర్రలైటు చూపించి కీచుమంది. ఇంకోసారి పెట్టాడు. ఇంకోసారి కీచుమంది. వెనక జనం "ఏంటండీ, కదలండి" అంటున్నారు. లాంచీ భోంయ్‌మని కూత వేసింది. నీలం కోటు వేసుకున్న ఇన్‌స్పెక్టరమ్మ ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అతన్ని చూసి ఆగింది.

"సార్! మీరా? నమస్తే సార్. నన్ను గుర్తుపట్టారా? మీ దగ్గరే శిక్షణ పొందాను."

"మీ గేటు పాడైనట్టుందమ్మా."

"ఇటివ్వండి సార్ టిక్కెట్టు." ఆమె చూసింది. తిప్పి చూసింది. మెల్లగా అడిగింది: "మూల ఏది సార్?"

కత్తెర జేబులోంచి ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇదిగో. ఇప్పుడే కొన్నాను. కౌంటరువాణ్ని అడుగు."

ఇన్‌స్పెక్టరమ్మ ఆ అరచేతి వైపు చూసింది గానీ ముక్క తీసుకోలేదు. మంచి మనిషే. గొంతు తగ్గించి, "సార్, ఇంకో టిక్కెట్టు కొనుక్కొచ్చేయండి. నేను చూడలేదనుకుంటాను," అంది.

"ఒక ప్రయాణానికి రెండు టిక్కెట్లా? నన్ను దొంగని చేస్తావా? నా దగ్గర టిక్కెట్టుంది."

"ఇది టిక్కెట్టు కాదు కదా సార్. మూల లేనిది చిత్తుకాగితమని మీరే చెప్పారు. పరీక్షలో నేను ఉత్త కాగితమని రాస్తే రెండు మార్కులు కోసేశారు."

"అది ప్రయాణికుల సంగతమ్మా!"

"మరి మీరిప్పుడు ఎవరు సార్?"

వెనక వరుసలో నవ్వు. ఆ నవ్వు కత్తెర గుర్తుపట్టాడు. బస్సుల్లో తనున్నప్పుడు ఎప్పుడూ వేరేవాళ్ల మీదికి పోయే నవ్వు అది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే రాయి!" అన్నాడు. "దమ్ముంటే జరిమానా రాయి, చూద్దాం!"

ఆమె రాసింది. శిష్యురాలు గదా, చక్కగా రాసింది. టిక్కెట్టు ధరకు పదింతలు. డబ్బు కట్టనంటే పాసు నంబరు మీద ఎక్కించింది. జరిమానా రసీదు ఉన్నవాణ్ని ఆ ప్రయాణానికి ఆపకూడదు గనక తనే పక్క గేటు తెరిచి, చెయ్యి పట్టుకుని లాంచీ ఎక్కించింది. "మెట్టు జాగ్రత్త సార్," అంది. ఆ జాలి అతనికి జరిమానా కన్నా ఎక్కువ మండింది.

అవతలి ఒడ్డున నియామకాల ఆఫీసరు మర్యాదస్తుడు. అతని వెనక గోడ మీద పెద్ద బొమ్మ: ప్రయాణికుడి చిరునవ్వే మా జీతం. జీతం మాత్రం నెలనెలా బ్యాంకులోనే పడుతుంది. ఆఫీసరు కంప్యూటర్లో చూసి, నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"మీ పేరు మీద బాకీ చూపిస్తోందండీ. ఇవాళ్టిదే. బాకీ ఉన్నవాళ్లను తీసుకోకూడదు. దానికేముంది, చిన్న మొత్తమే, పక్క కౌంటర్లో కట్టేసి రండి. కోటు కొలతలు తీసుకుంటారు."

"కడితే టిక్కెట్టు లేకుండా ఎక్కానని ఒప్పుకున్నట్టే కదండీ."

"మరి?"

"నేను కొన్నాను. మీవాళ్లే అమ్మారు. అది టిక్కెట్టే."

"అంటే చిరిగినా చెల్లుతుందంటారు?" ఆఫీసరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మంచిదండీ! దీని మీద మాకు ఎన్ని ఫిర్యాదులో. వానకు తడిసి చిరిగాయని, పిల్లలు చింపారని. ఇంతకీ ఈ నిబంధన ఎక్కడిదా అని వెతికితే పాతవాటిలో ఎక్కడా లేదు. మీ శిక్షణ పాఠాల్లోంచి ఎత్తి రాశారట. ఒక పని చేయండి. ఇది నేను పెట్టిన నిబంధన, తప్పు అని ఒక్క వాక్యం రాసివ్వండి. ఇవాళే తీసేస్తాం. మీ జరిమానా రద్దు. కోటు మీది."

కాగితం ముందుకు జరిపాడు. పెన్ను ఇచ్చాడు. గోడవారన కొయ్యకు తగిలించి నీలం కోట్లు వరుసగా వేలాడుతున్నాయి. ఒకదాని మీద నుంచి కత్తెర చూపు మళ్లలేదు. భుజాలు సరిగ్గా సరిపోయేలా ఉంది.

"రాస్తే, మరి నేనిదివరకు వేసిన జరిమానాలు?"

"అవీ తప్పే అవుతాయి లెండి. ఎవరైనా వచ్చి అడిగితే తిరిగివ్వాలి. ఇన్నేళ్ల తర్వాత ఎవరొస్తారండీ?"

"ఆవిడ వస్తుంది," అన్నాడు కత్తెర.

"ఎవరు?"

అతను పెన్ను పట్టుకున్న బొటనవేలి గోటి వైపు చూసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం రాస్తే సంచులు కుట్టే ఆవిడ దొంగ కాదు. ఆమె దొంగ కాకపోతే సభలో పొగిడిన నిప్పు, స్తంభం, వెలుగు అన్నీ కలిపి పిల్లాడి నోట్లోని తడి కాగితం ముందు ఓడిపోయినట్టు. అంత లెక్క అతను మొదటిసారి వేశాడు. వేసి పెన్ను కింద పెట్టాడు.

"రూలు రూలేనండీ," అన్నాడు.

"మరి బాకీ?"

"అది నాకు వర్తించదు."

దీన్ని నిబద్ధత అనేవాళ్లు ఉంటారు. వీడ్కోలు సభల్లో మాట్లాడే బాపతు వాళ్లు. నిబద్ధత ఉన్నవాడైతే పక్క కౌంటర్లో జరిమానా కట్టి, రూలు నాకూ వర్తిస్తుందని తల ఎత్తుకుని బయటికి వచ్చేవాడు. కనికరం ఉన్నవాడైతే ఆ వాక్యం రాసేవాడు. రెండూ లేనివాడు కోటు వైపు ఇంకోసారి చూసి లేచాడు.

తిరిగి లాంచీ ఎక్కాలంటే ఇంకో టిక్కెట్టు కొనాలి. కొనలేదు. ఎండలో బస్టాపు దాకా నడిచి, గడ్డం ఎత్తి "స్టాఫ్" అని, కాలువ చుట్టూ, వంతెన మీదుగా, మూడు బస్సులు మారి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. భార్య తలుపు తీసి మొహం చూసింది. నీళ్లిచ్చి, కోటు విప్పి దులిపింది. ఎడమ జేబులోంచి ఒకే ఒక ముక్క రాలింది. ఆవిడ దాన్ని ఏరి వెలుగులో చూసింది. చూశాక, చాలా ఏళ్లకు, కడుపారా నవ్వింది.

"నవ్వుతావేంటే?"

"ముక్క పొడిగా ఉందండీ," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు బావమరిది వచ్చి, జరిమానా నేను కట్టేస్తాలే బావగారూ, వదిలెయ్యండి అన్నాడు. అక్క వాణ్ని ఆపింది. ఆవిడ భర్తతో అంది: "నేనే కడతాను. నా గాజులు అమ్మైనా కడతాను. ముందు మీరు గోదాముల దగ్గరికి వెళ్లి ఆ సంచులావిణ్ని వెతికి, ఆమె కూలి ఆమెకిచ్చి రండి. అక్కడ అందరూ అందరికీ తెలుసు, కనుక్కోవడం కష్టం కాదు."

"ఆమె గుర్తుపెట్టుకుని ఉంటుందా?"

"మీకే గుర్తుంది. ఆమెకుండదూ?"

అతను వెళ్లలేదు. గోదాములు ఇంటి ముందు నుంచి వెళ్లే బస్సుకు ఆఖరి స్టాపు. పాసు చెల్లుతున్నన్నాళ్లూ ఆ బస్సు ఎక్కాడు, రేవు గేటు దాకా వెళ్లాడు, గోదాములకు ఒక్క స్టాపు ముందే దిగి వెనక్కి తిరిగాడు. ఏడాది చివర, బాకీ ఉన్నవాళ్ల పాసులు, జీవితకాలపువైనా సరే, కొనసాగించేది లేదని సంస్థ తేల్చి చెప్పింది. దాంతో తిరుగుడు ఆగింది.

ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం ఇంటి దగ్గరి స్టాపులో సిమెంటు బెంచీ మీద కూర్చుంటాడు. భార్య బజారుకు పోతూ అతని ముందే బస్సెక్కి, టిక్కెట్టు కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుంటుంది. దిగేవాళ్లలో కొందరు, చేతిలో టిక్కెట్టు ఎక్కడ పారేయాలో తెలియక, ఖాళీగా చాపి ఉన్న ఆ ముసలాయన చేతిలో పెట్టి పోతారు. అతను తేదీ చూస్తాడు, ఎక్కడి నుంచి ఎక్కడికో చూస్తాడు, మూల చింపి జేబులో వేసుకుంటాడు. ఎదురుగా బస్సు తోలుకుపోయే బావమరిది రెండు వేళ్లు తెరిచి మూసి చూపిస్తాడు. కత్తెర హుందాగా బదులిస్తాడు.

లాంచీ జరిమానా, ఆలస్య రుసుముతో కలిపి, ఇంకా అతని పేరు మీదే ఉంది. గోనెసంచుల ఆవిడకు ఒకరోజు కూలి ఇంకా రావాలి.